స్వచ్ఛంద శ్రమ - సామూహిక విజ్ఞానం

1

కోదాడ నుంచి సూర్యాపేట పోయే దారిలో మునగాల వున్నది. ఒకప్పుడు చుట్టూ నిజాం ఇలాకా, నడుమ ఇంగ్లీషువారి కృష్ణాజిల్లాకు చెందిన ఈ చిన్న పరగణా ఒక దీవిలా వుండేది. ఆ జమీందారీలో దివానుగిరీ చేస్తూ కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు తెలుగువారికి ఒక విజ్ఞాన సర్వస్వం కావాలని సంకల్పించారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి చరిత్ర గ్రంథాలు, శాస్త్ర గ్రంథాలు ప్రచురించిన అనుభవం ఆయనకు వున్నది. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వెలువడ్డాయి. అకారం దాటకముందే పని ఆగిపోయింది. 1923లో ఆయన మరణించారు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ భారాన్ని తలకెత్తుకున్నారు. 1938లో ఆయనా పోయారు. సర్వస్వం అసంపూర్ణంగానే మిగిలిపోయింది.

ఇంచుమించు అదే యుగంలో ఇంగ్లండులో జరిగిన మరొక పనిని దీనితో పోల్చి చూడాలి. 1879లో జేమ్స్ మర్రీ అనే పండితుడు ఇంగ్లీషు చదివే వారందరికీ ఒక విజ్ఞప్తి చేశాడు. మీరు చదివే పుస్తకాలలో పదాలు ఎలా ప్రయోగమయ్యాయో చీటీల మీద రాసి పంపండి అన్నాడు. బడిపంతుళ్ళు, గృహిణులు, గుమాస్తాలు, చివరకు పిచ్చాసుపత్రిలో నిర్బంధంలో వున్న ఒక డాక్టరు కూడా చీటీలు పంపారు. 1915లో మర్రీ మరణించాడు. కాని పని ఆగలేదు. 1928లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పూర్తి అయింది. లక్ష్మణరావుగారి మేధస్సు మర్రీ మేధస్సుకు తీసిపోయింది కాదు. తేడా మరొకచోట వున్నది. అక్కడ వేల చేతులు పడ్డాయి, ఆ చేతుల పనిని దాచిపెట్టి ముందుకు నడిపించే సంస్థ ఒకటి వున్నది. ఇక్కడ ఒకరిద్దరి భుజాలే వున్నాయి.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి, 1958 నుంచి హైదరాబాదులో ఖండవల్లి లక్ష్మీరంజనంగారి సంపాదకత్వాన వెలువడిన సంగ్రహాంధ్ర విజ్ఞానకోశం ఆ లోటును కొంత తీర్చాయి. అవి సంస్థలు పూనుకుని, పండితులను నియమించి, రాయించిన గ్రంథాలు. 2003 డిసెంబరులో అమెరికాలో వున్న వెన్న నాగార్జునగారు, మరికొందరు ఔత్సాహికులు ప్రారంభించిన తెలుగు వికీపీడియాతో పద్ధతే మారిపోయింది. ఇక్కడ నియామకం లేదు, జీతం లేదు, పట్టా చూపించమని అడిగేవాడు లేడు. రాయదలచుకున్నవాడు రాయవచ్చు, రాసినదాన్ని మరొకడు దిద్దవచ్చు. నేడు అందులో లక్షకు మించిన వ్యాసాలు వున్నాయి. 2011 లెక్కల ప్రకారం ఎనిమిది కోట్లకు పైగా మనుషులు మాట్లాడే ఈ భాషలో, నెలనెలా నిలకడగా అక్కడ రాసేవారు మాత్రం కొద్ది పదులమంది.

కనుక ప్రశ్న సహజంగా వస్తుంది. ఇటువంటి పనికి మనుషులను రప్పించటం ఎట్లా? వచ్చినవారిని నిలుపుకోవటం ఎట్లా? దీనిని సాధారణంగా నిర్వహణకు సంబంధించిన ప్రశ్నగా అడుగుతారు. పోటీలు పెట్టండి, బహుమతులు ఇవ్వండి, శిక్షణ శిబిరాలు జరపండి అని సమాధానాలు చెబుతారు. ఇది ప్రధానంగా నైతిక ప్రశ్న అని నా అభిప్రాయం. జీతం లేకుండా ఒక మనిషి చేత పని చేయించుకునే హక్కు ఎవరికైనా ఎప్పుడు వుంటుంది? ఈ ప్రశ్నకు జవాబు తేలితే మొదటి రెండు ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్లే.

2

నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్నను తేలికగా అడగటానికి వీలులేదు. జీతం లేని పనికి ఇక్కడ ఒక పాత పేరు వున్నది - వెట్టి. దొర గడీకి కట్టెలు కొట్టినవాడు, దొరసాని పల్లకీ మోసినవాడు, అధికారి మకాముకు కుండలు, కోళ్ళు ఇచ్చుకున్నవాడు - వీరెవరికీ కూలి లేదు. 1946 నుంచి 1951 దాకా సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు సాయుధంగా పోరాడటానికి భూమి ఎంత కారణమో వెట్టి కూడా అంత కారణం. లక్ష్మణరావుగారు దివానుగా వున్న మునగాల పరగణాలోనే ఆ తరువాతి దశాబ్దాలలో రైతులు జమీందారుకు ఎదురు తిరిగారు. విజ్ఞానానికి తీరిక కావాలి. ఆ తీరిక ఎవరి చెమట మీద నిలబడిందని అడిగే అలవాటు మనకు ఈ చరిత్ర నేర్పింది.

ఇది గతించిన కథ అనుకోవటానికి కూడా లేదు. స్వచ్ఛందం అనే మాట నేడు కూలి ఎగవేయటానికి మంచి ముసుగుగా ఉపయోగపడుతున్నది. గ్రామాలలో బాలింతల దగ్గరికీ, క్షయరోగుల దగ్గరికీ ఎండనక వాననక తిరిగే ఆశా కార్యకర్తలను ప్రభుత్వం కార్మికులుగా గాక స్వచ్ఛంద సేవకులుగానే లెక్కలో రాసుకున్నది. కార్మికులుగా గుర్తిస్తే కనీస వేతనం ఇవ్వాలి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లక్షలాది యువకులను నెలకు అయిదు వేల గౌరవ భృతితో నియమించి వారిని వాలంటీర్లు అన్నది. ఆంధ్ర మహాసభ రోజులలో వాలంటీరు అంటే తనంత తాను ముందుకు వచ్చినవాడు. ఆ మాట ఇప్పుడు తక్కువ జీతానికి పర్యాయపదం అయింది. మాటలు చెడటానికి కారణం వ్యాకరణంలో వుండదు, ఆర్థిక సంబంధాలలో వుంటుంది.

మరి వికీపీడియాలో రాసే విద్యార్థి ఏ కోవకు చెందుతాడు? వెట్టివాడా, కూలి దక్కని కార్మికుడా, నిజమైన వాలంటీరా? దీన్ని తేల్చటానికి మూడు కొలతలు పెట్టుకోవచ్చునని నాకు తోస్తుంది. మొదటిది: వద్దు అనే స్వేచ్ఛ అతనికి వున్నదా? రెండవది: అతని శ్రమ ఫలం ఎవరికి చెందుతున్నది? మూడవది: ఆ పని నడిచే నియమాలను నిర్ణయించటంలో అతని మాటకు చోటు వున్నదా? ఈ మూడూ లేనిది వెట్టి. మూడూ వున్నది స్వచ్ఛంద శ్రమ. నాట్లవేళ ఒకరి పొలానికి ఒకరు సాయం పోయి, మళ్ళీ తమ పొలానికి ఆ సాయం పొందే రైతులు కూలి పుచ్చుకోరు. అయినా దానిని ఎవరూ వెట్టి అనరు.

మొదటి కొలతకు వికీపీడియా నిలుస్తుంది. ఎవరూ ఎవరినీ బలవంతం చేయరు. రెండవ కొలత దగ్గర కొంత చిక్కు వున్నది. అక్కడి రచన ఎవరి సొంత ఆస్తీ కాదు. ఎవరైనా తీసుకోవచ్చు, పంచవచ్చు, మూలాన్ని పేర్కొని అదే షరతు మీద తిరిగి ప్రచురించవచ్చు. వ్యాపార ప్రకటనలు లేవు. ఇంతవరకు బాగానే వున్నది. కాని తలుపు అందరికీ తెరిస్తే గూగుల్‌కూ తెరిచినట్లే. పెద్ద కంపెనీలు ఈ రచనను తమ అన్వేషణ యంత్రాలలో జవాబులుగా చూపించాయి. ఇప్పుడు మాట్లాడే యంత్రాలకు మేతగా వేశాయి. మిర్యాలగూడలో ఒక ఉపాధ్యాయుడు రాత్రి పదకొండు గంటలదాకా కూర్చుని రాసినది కాలిఫోర్నియాలో లాభంగా మారుతుంది. 2021లో వికీమీడియా సంస్థ పెద్ద కంపెనీలకు రుసుము మీద ప్రత్యేక సరఫరా పద్ధతిని ప్రారంభించటం, మరుసటి ఏడు గూగుల్ అందులో చేరటం, ఈ అన్యాయాన్ని కొంతవరకు ఒప్పుకున్నట్లే.

అయితే దీనినిబట్టి రాయటం మానేయాలని వాదించేవారితో నేను ఏకీభవించలేను. ఊరివాళ్ళు శ్రమదానంతో వేసుకున్న బాట మీద దొర మోటారు కూడా పోతుంది. అందుకని బాటను తవ్విపోసుకుంటే బడికి పోయే పిల్లలు బురదలో నడవాలి. దొర దగ్గర పన్ను వసూలు చేయటానికి వేరే పోరాటం చేయాలి. బాట మాత్రం వుండాలి.

మూడవ కొలత అసలైనది. నిలబడటం, వెళ్ళిపోవటం అనే సమస్య అంతా అక్కడే వున్నది. దానికి తరువాత వస్తాను.

3

మనుషులు ఎందుకు వస్తారు? దీనికి మన చరిత్రలోనే ఒక చక్కని జవాబు వున్నది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న ఎత్తిపొడుపుకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. అందులో 354 మంది కవులు వున్నారు. నిజాం రాజ్యం నలుమూలల నుంచి, పేరు పడినవారూ, తమ వూరు దాటి పేరు తెలియనివారూ పద్యాలు పంపారు. వారికి పారితోషికం ఎర చూపలేదు. మీరు లేరని అంటున్నారు, వున్నామని చెప్పండి అన్న పిలుపు చాలింది.

ఈ ఉదాహరణలో మూడు విషయాలు గమనించాలి. పిలిచినవాడు ఎవరో తెలియని సంస్థ కాదు. 1926 నుంచి పత్రిక నడుపుతూ ప్రజలకు పరిచితుడైన మనిషి. అడిగినది అందరికీ చేతనైన పని. ఎవరి పద్యం వారు పంపటమే. ఆ పనిలో పంపేవాని ఆత్మగౌరవం ఇమిడి వున్నది. ఈ మూడింటిలో ఏది లోపించినా జనం రారు. విజ్ఞానం గొప్పది, పంచండి అని ఊరికే ఉపదేశిస్తే వచ్చేవారు ఎప్పుడూ కొద్దిమందే.

డబ్బుతో రప్పించవచ్చు కదా అనే వాదం వున్నది. అదీ జరిగింది. 2009 ప్రాంతం నుంచి రెండేళ్ళ పాటు గూగుల్ సంస్థ డబ్బిచ్చి అనువాదకుల చేత ఇంగ్లీషు వ్యాసాలను యంత్రం సాయంతో తెలుగు, తమిళం, హిందీ మొదలైన భాషలలోకి దింపించింది. వ్యాసాలు కుప్పలుగా పడ్డాయి. తెలుగు వాక్యం కాని వాక్యాలు, తెలుగువాడికి అక్కరలేని విషయాలు అందులో ఎక్కువ. డబ్బు ఆగగానే అనువాదకులు వెళ్ళిపోయారు. దిద్దే భారం మాత్రం జీతం లేనివారి నెత్తిన పడింది. డబ్బుతో పాఠం వచ్చింది, రచయిత రాలేదు. బ్రిటిషు సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ టిట్మస్ 1970లో రక్తదానం మీద రాసిన గ్రంథంలో ఇటువంటి విషయమే చూపించాడు. రక్తం కొనే దేశంలో ఇచ్చేవాని ఉద్దేశమూ, వచ్చే రక్తమూ రెండూ చెడతాయన్నాడు.

కాని ఇక్కడ ఒక పొరపాటు చేయరాదు. డబ్బు వద్దు అనటం డబ్బున్నవాడికి తేలిక. 2018లో భారతీయ భాషల వికీపీడియాల కోసం జరిగిన ప్రాజెక్ట్ టైగర్‌లో కొందరు రచయితలకు లాప్‌టాప్‌లు, ఇంటర్నెట్ ఖర్చు ఇచ్చారు. దానిని లంచంతో సమానం చేయటం న్యాయం కాదు. రాత్రిబడికి దీపమూ నూనే ఇస్తే చదువును కొన్నట్లు కాదు. ఎర వేరు, సాధనం వేరు. ఎర మనిషి కోరికను మారుస్తుంది. సాధనం అతనికి ముందే వున్న కోరికకు చేతులిస్తుంది. దామరచర్ల నుంచి రోజూ బస్సులో మిర్యాలగూడ కాలేజీకి వచ్చి, సాయంత్రం ఇంటికి పోయి పశువుల పని చూసుకునే పిల్లవాడికి తీరిక ఎన్ని నిమిషాలు? వాడి దగ్గర వున్నది అన్నాచెల్లెళ్ళంతా పంచుకునే ఒక ఫోను. వాడిని నీలో సేవాభావం లేదని నిందించటం అవివేకం. ఎవరు రాస్తున్నారు అనే ప్రశ్న ఎవరికి తీరిక వున్నది అనే ప్రశ్నకు రెండో ముఖం. రాసేవారిలో స్త్రీలు పదిమందిలో ఒకరిద్దరికి మించటం లేదని లోకమంతటా సర్వేలు చెబుతున్నాయి. ఇంటిచాకిరీ ముగించిన తరువాత మిగిలే గంటలు లెక్క వేసుకుంటే అందులో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు.

4

ఇక వచ్చినవారు ఎందుకు పోతారు? ఇంగ్లీషు వికీపీడియాలో నెలకు అయిదు మార్పులైనా చేసేవారి సంఖ్య 2007లో యాభై వేలు దాటింది. 2013 నాటికి ముప్పయి వేల దాకా పడిపోయింది. ఆసక్తి తగ్గిందా? చదివేవారు తగ్గలేదు. మంచివారు రావటం మానేశారా? అదీ కాదు. ఆరన్ హాఫేకర్, అతని సహచరులు 2013లో ప్రచురించిన పరిశోధన దీన్ని లెక్కలతో పరిశీలించింది. సదుద్దేశంతో వచ్చే కొత్తవారి పాలు తగ్గలేదు. వారు రాసినదాన్ని కొట్టివేయటం మాత్రం పెరిగింది. విధ్వంసకులను ఆపటానికి తయారుచేసుకున్న యంత్ర సాధనాలు, ఏళ్ళ తరబడి పేరుకుపోయిన నిబంధనలు, మొదటి అడుగు తప్పుగా వేసిన అమాయకుణ్ణి కూడా విధ్వంసకుడి లాగే బయటికి నెట్టాయి. నెట్టినవారు దుర్మార్గులు కారు. వారూ జీతం లేకుండా కాపలా కాస్తున్నవారే. పంటను కాపాడాలన్న పట్టుదలలో కావలివాడు విత్తనాలు తెచ్చినవాణ్ణి కూడా దొంగ అనుకున్నాడు.

మన నేల మీద దీన్ని ఊహించి చూద్దాం. దామరచర్ల మండలంలో ఒక తండా నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న అమ్మాయి వున్నదనుకుందాం. తన మండలం గురించి రాయాలని కూర్చుంటుంది. ఊళ్ళ పేజీలలో ఆమెకు ముందుగా కనబడేవి 2011 జనాభా లెక్కలు: ఇళ్ళు ఎన్ని, బడులు ఎన్ని, సాగునీరు ఎన్ని హెక్టార్లకు అని. ఆ లెక్కలు విలువలేనివి కావు. శ్రమపడి ఎక్కించినవారికి మనం కృతజ్ఞులం. కాని ఆమె తండా వాటిలో లేదు. రెవెన్యూ గ్రామం కానిది జనాభా లెక్కలలో విడిగా కనబడదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అయిదు వందల జనాభా దాటిన తండాలు పంచాయతీలు అయ్యాయి, సర్పంచులు వచ్చారు. పాత లెక్కలలో మాత్రం అవి మరొక వూరి కడుపులోనే వున్నాయి. కృష్ణలో మూసీ కలిసే వాడపల్లి ఆ మండలంలోనిదే. అక్కడి అగస్త్యేశ్వరాలయం గురించి రాసినవారు వుంటారు. ఆ రేవులో చేపలు పట్టి బతికిన కుటుంబాల గురించి రాసినవారు అరుదు. వీర్లపాలెం దగ్గర 2015లో శంకుస్థాపన జరిగిన యాదాద్రి విద్యుత్ కేంద్రం శక్తి 4000 మెగావాట్లని ఎక్కడైనా దొరుకుతుంది. ఆ నేల మీద ఎవరు పశువులు మేపేవారో ఆమె నానమ్మకు తెలుసు.

ఆమె నానమ్మ చెప్పినది రాస్తుంది. ఆధారం ఏదీ అని అడుగుతారు. అచ్చులో ఆధారం లేదు. రాసినది తీసివేస్తారు. ఆమె మళ్ళీ రాదు.

ఇక్కడ తప్పెవరిది? తొందరపడి ఆధారం అడగటమే పెత్తనం అని తీర్పు చెప్పేవారు మన శిబిరంలో వున్నారు. నేను ఒప్పుకోను. ఆధారం అడగటం బలహీనుడికి రక్షణ. నోటిమాట చాలు అన్న నాడు మొదట లాభపడేవాడు దొర. తన తాతలు ఊరికి చెరువులు తవ్వించారని, ధర్మప్రభువులని, వెట్టి ఎన్నడూ లేదని అతని జ్ఞాపకం కూడా ఒక జ్ఞాపకమే. కులపురాణాలు, మతద్వేషపు వదంతులు అన్నీ పెద్దలు చెప్పారు అనే మాటతోనే మొదలవుతాయి. హేతువాదులమైన మనం ప్రమాణాన్ని వదులుకోలేము.

కాని ప్రమాణం ఆకాశం నుంచి ఊడిపడలేదన్న సంగతి కూడా మరచిపోలేము. ఎవరి మాట కాగితం మీదికి ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అన్నది చరిత్ర నిర్ణయించింది. పహాణీలో పట్టాదారు పేరు వున్నది. నాగలి పట్టినవాని పేరు కోసం ఎంత పోరాడవలసి వచ్చిందో మనకు తెలుసు. లంబాడీల మాటకు సొంత లిపి లేదు. వారి జ్ఞాపకం పాటలో వున్నది, పుస్తకంలో లేదు. అచ్చయినదే నిజం అంటే, నిన్నటి అసమానతను నేటి విజ్ఞానంగా ముద్ర వేసినట్లు అవుతుంది. 2011లో అచల్ ప్రభల, మరికొందరు కేరళలోనూ, హర్యానాలోనూ, దక్షిణాఫ్రికాలోనూ ఒక ప్రయోగం చేశారు. అచ్చులో లేని ఆటలు, వంటలు, ఆచారాల గురించి తెలిసినవారి మాటలను రికార్డు చేసి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చెప్పారో నమోదు చేసి, ఆ నమోదునే ఆధారంగా చూపించారు. దానికి ప్రజలే విజ్ఞానం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇది ప్రమాణాన్ని వదులుకోవటం కాదు, విస్తరించటం. నోటిమాటను పరీక్షకు నిలబడే రూపంలోకి తేవటం.

కనుక ఆ అమ్మాయి విషయంలో తప్పు ఆధారం అడగటంలో లేదు. అడిగి ఊరుకోవటంలో వున్నది. అనుభవం వున్నవాడు ఆమె రాసినదాన్ని కొట్టివేయటానికి ఒక క్షణం పడుతుంది. భూసేకరణ ఉత్తర్వులు ఎక్కడ దొరుకుతాయి, ప్రజాభిప్రాయ సేకరణ నివేదికలు ఎలా చదవాలి, నానమ్మ మాటను ఎలా రికార్డు చేయాలి అని చెప్పటానికి ఒక సాయంత్రం పడుతుంది. ఆ సాయంత్రాన్ని ఇవ్వటానికి ఎవరూ లేకపోతే ఎన్ని శిబిరాలు జరిపినా లాభం లేదు. మూడవ కొలత అన్నది ఇదే. నియమం ఎందుకు వున్నదో తెలిసి, దానిని ప్రశ్నించి, అవసరమైతే మార్చగలిగినవాడు ఆ పనిలో భాగస్వామి. నియమాన్ని శిక్షగా మాత్రమే ఎరిగినవాడు, కూలి తీసుకోకపోయినా, పరాయి ఇంట్లో పనివాడే.

5

నిలుపుకోవటం అనే మాట గురించి కూడా కొంత ఆలోచించాలి. మన పల్లెలలో మనిషిని నిలుపుకునే పద్ధతి ఒకటి వుండేది. జీతగానికి ముందుగా అప్పు ఇచ్చేవారు. అప్పు తీరేది కాదు, వాడు కదిలేవాడు కాదు. ఆ అర్థంలో ఎవరినీ నిలుపుకోకూడదు. రెండేళ్ళు రాసి, ఉద్యోగం వచ్చో, పెళ్ళి అయ్యో, విసిగిపోయో వెళ్ళిపోయినవాడు ద్రోహి కాడు. అతను రాసినది అక్కడే వుంటుంది. ప్రతి వ్యాసానికీ ఒక చరిత్ర పుట వుంటుంది. ఏ మాట ఎవరు ఏ రోజున చేర్చారో అందులో వుంటుంది. ఒకడు దించిన బరువును మరొకడు అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు. లక్ష్మణరావుగారికి లేకపోయినది ఈ ఏర్పాటే. మనిషి ఎల్లకాలం వుండాలని కోరటం కంటే, మనిషి పోయినా పని వుండేటట్లు చూడటం న్యాయం.

మన శిబిరానికి మరింత దగ్గరి ఉదాహరణ ఒకటి వున్నది. 1919 ఏప్రిల్‌లో మాస్కో - కజాన్ రైల్వే కార్మికులు కొందరు శనివారం రాత్రి కూలి తీసుకోకుండా ఇంజన్లు మరమ్మతు చేశారు. లెనిన్ దానిని గొప్ప ప్రారంభంగా కీర్తించాడు. ఆకలిలో, అంతర్యుద్ధంలో తమంత తాము చేసిన ఆ పనిలో కొత్త మనిషి కనిపించాడు. కాని తరువాతి దశాబ్దాలలో ఆ శనివారాలు హాజరుపట్టీ చూసి చేసే పనులయ్యాయి. పేరు అదే, జెండా అదే. స్వచ్ఛందం మాత్రం వెళ్ళిపోయింది. దీన్ని శత్రువులు చెప్పారు కనుక మనం చెప్పకూడదనటం తప్పు. స్వచ్ఛంద శ్రమను లెక్కగట్టి నిర్బంధిస్తే అది ఏ జెండా కింద అయినా వెట్టి అవుతుంది.

ఉపాధ్యాయులకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. తరగతిలో అరవైమందికి తలా అయిదు వ్యాసాలు రాయాలి, మార్కులు వేస్తాము అంటే మూడు వందల వ్యాసాలు వస్తాయి. అవి ఎక్కడి నుంచో దించినవి అవుతాయి. ఇప్పుడు యంత్రాన్ని అడిగితే క్షణంలో రాసిస్తుంది కూడా. సెలవులు రాగానే ఒక్కడూ మిగలడు. సంఖ్య చూపించటానికి అది పనికి వస్తుంది. మనిషిని తయారు చేయటానికి పనికి రాదు.

ఇంతా ఎందుకు, యంత్రమే రాస్తుంది గదా అనేవారికి ఒక్క మాట. ఆ యంత్రం తనకు తానుగా ఏదీ చూడలేదు. మనుషులు రాసిపెట్టినది చదివి తిప్పి చెబుతుంది. వాడపల్లి రేవు గురించి ఎవరూ రాయకపోతే అది మౌనంగా వుండదు, కల్పించి చెబుతుంది. కనుక చూసి, విని, సరిపోల్చి రాసే మనిషి అవసరం తగ్గలేదు, పెరిగింది.

మరి ప్రభుత్వం చేయవలసిన పనిని మనం ఉచితంగా చేసిపెడితే దాని బాధ్యత తప్పించినట్లు కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఈ అభ్యంతరంలో బలం వున్నది. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ప్రజలు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నారు. ఆ డబ్బుతో ప్రతి గ్రంథాలయంలో పుస్తకాలతో పాటు కంప్యూటరు, ఇంటర్నెట్, కూర్చుని రాసుకునే బల్ల వుండాలని అడగటం మన హక్కు. ప్రభుత్వం సాధనాలు ఇవ్వాలి. కాని ఏది రాయాలో, ఏది రాయకూడదో చెప్పే అధికారం దానికి ఇవ్వకూడదు. విద్యుత్ కేంద్రం పేజీని విద్యుత్ శాఖే రాస్తే అందులో మెగావాట్లు వుంటాయి, నానమ్మ వుండదు. సాధనాలకు ప్రభుత్వాన్ని బాధ్యురాలిని చేసి, రచనను ప్రజల చేతిలో వుంచుకోవటం - ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు.

6

చెప్పినదాన్ని కూడదీసుకుంటే ఇది తేలుతుంది. జీతం లేని పనిని అడిగే హక్కు ఎవరికీ పుట్టుకతో రాదు, దానిని సంపాదించుకోవాలి. పని చేసేవాడు వద్దనగలిగినప్పుడు, ఫలం అందరిదీ అయినప్పుడు, నియమాలలో అతని మాట చెల్లినప్పుడు ఆ హక్కు వస్తుంది. ఈ మూడూ వున్నచోట మనుషులను ఆకర్షించటానికి ఎరలు అవసరం వుండవు, పిలిచే మనిషి ఒకడు చాలు. ఇవి లేనిచోట ఎన్ని ఎరలు వేసినా వచ్చినవాడు నిలవడు, నిలవకపోవటం అతని తప్పూ కాదు.

విద్యార్థి మిత్రులకూ, ఉపాధ్యాయులకూ నేను పెద్ద కార్యక్రమం ఏదీ సూచించను. మీ వూరి పేజీ తెరిచి చూడండి. అందులో లేనిది ఏదో మీకు తెలిసే వుంటుంది. దానిలో ఒక్కటి తీసుకోండి: ఒక రేవు, ఒక కాలువ తూము, ఒక తండా, మూతపడిన ఒక బడి. దానికి ఆధారం వెతకండి. దొరకకపోతే తెలిసినవారి మాటను పేరుతో, తేదీతో, వారి అనుమతితో నమోదు చేయండి. రాయండి. ఎవరైనా కొట్టివేస్తే కోపం తెచ్చుకోకుండా ఎందుకని అడగండి. వారి కారణం సరైనదైతే నేర్చుకోండి, సరికాకపోతే వాదించండి. కొట్టివేసే చోట మీరే కూర్చుని వున్నట్లయితే, చేయి ఎత్తేముందు అవతలివాడు మొదటిసారి వచ్చాడేమో చూడండి. ఆపైన మీ సాయంత్రాలలో ఒకదాన్ని మరొకరికి ఇవ్వండి.

వెట్టికి వ్యతిరేకంగా లేచిన తాలూకాలలో రాత్రిబడులు నడిపినవారికి కూడా జీతాలు లేవు. ఒకే జీతం లేని పని - ఒకటి మనిషిని వంచింది, మరొకటి నిలబెట్టింది. రెండింటికీ తేడా ఎక్కడ వున్నదో ఆ తరం తన అనుభవంలో తెలుసుకున్నది. మన తరం సామూహికంగా కట్టుకుంటున్న ప్రతి పనిలోనూ ఆ తేడాను మళ్ళీ మళ్ళీ అడిగి చూసుకోవాలి. ఎవరో అడుగుతారని ఎదురుచూడకుండా మనమే అడగాలి.